బిడ్డను ఇవ్వాలా, వద్దా?

మొన్న మా మనవడు బెంగళూరు నుంచి తిరుపతి వచ్చాడు. రాత్రి అన్నాలయ్యాక వాడి లాప్‌టాప్‌లో ‘రషోమన్’ పెట్టించుకున్నాను. 88 నిమిషాల సినిమా. చివర్లో కట్టెలు కొట్టేవాడు పసిబిడ్డను పొదువుకుని ఆ పాడుబడ్డ ద్వారం కింది నుంచి బయటికొస్తున్నాడు. సినిమా ఇంకా అయిపోలేదు. మావాడు అప్పుడే ఫోన్ చేతికి తీసుకుని, “తాతా, ముగింపుకు అర్థం చెప్పే వీడియో ఉంది, పదకొండు నిమిషాలే” అన్నాడు. నాకొచ్చిన కోపం ఇంతవరకూ తగ్గలేదు.

మా రోజుల్లో ఆ ముగింపు మాకు నెల రోజులు సరిపోయింది.

1978లో తిరుపతిలో ఒక కాలేజీ హాల్లో చూశాం. అప్పట్లో ఫిల్మ్ సొసైటీలకు పూనా ఆర్కైవ్స్ నుంచి 16 ఎం.ఎం. ప్రింట్లు రేకుపెట్టెల్లో వచ్చేవి. గోడకు తెల్లగుడ్డ, కింద జంఖానాలు, వెనకాల గరగరమనే ప్రొజెక్టర్. తెరమీది ఇంగ్లీషు అక్షరాలు తెల్లటి ఆకాశంలో కలిసిపోతుంటే, ఒక మేష్టారు తెర పక్కన నిలబడి దొరికినంత తెలుగులో చెప్పేవారు.

కథ తెలిసిందే. అడవిలో ఒక సమురాయ్ చచ్చాడు. బందిపోటు నేనే చంపానంటాడు. భార్య తన కత్తే గుచ్చుకుందేమో అన్నట్టు మాట్లాడుతుంది. చచ్చినవాడేమో నన్ను నేనే పొడుచుకున్నానంటాడు. తప్పు పక్కవాడి మీదికి తోసేవాళ్లను రోజూ చూస్తాం, ఇక్కడ ముగ్గురూ చావును తమ మీదే వేసుకుంటారు! ఆ చచ్చినవాడు ఒక గణాచారి లాంటి ఆడమనిషి నోట మాట్లాడతాడు. అది మాకెవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. గంగజాతరలో పూనకాలు చూసినవాళ్లం. సోదమ్మ ముందు చేట పెట్టుకుని కూర్చుని, పోయిన మా పెద్దమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతుంటే మా అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడవడం నాకింకా గుర్తే. చచ్చినోళ్లు సోదిలో నిజమే చెప్తారని మా నమ్మకం. వాళ్లు కూడా పరువు కోసం అబద్ధమాడతారా? దర్శకుడు కురొసావా మమ్మల్ని దెబ్బకొట్టింది అక్కడ.

ఇక అసలు చోటు. వాన కళ్లకు ఆనాలని నీళ్లలో నల్ల సిరా కలిపి కురిపించారట ఆ వానను. ఆ పాడుబడ్డ ద్వారం కింద కట్టెలు కొట్టేవాడు, ఒక సన్యాసి, ఇంకొకడు, విడిచేసిన పసిగుడ్డు. బిడ్డ మీది బట్ట లాక్కునేవాణ్ని కట్టెలు కొట్టేవాడు తిడితే, వాడు తిరగబడి, “మరి ఆ ముత్యాల పిడి కత్తి ఏమైంది? నువ్వే కొట్టేశావు కదా?” అని నిలదీశాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చున్నాం. కదిలిపోయినవాళ్లు లేరు. కత్తి వాడే తీశాడని కొందరు, బందిపోటే అమ్ముకుని ఉంటాడని కొందరు. దీపం పట్టుకొచ్చిన వాచ్‌మన్ గోడకానుకుని అన్నీ విన్నాడు. కరెంటొచ్చి సినిమా కదిలింది. సన్యాసి చేతిలోని బిడ్డ కోసం కట్టెలవాడు చేయి చాపాడు. సన్యాసి ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నాడు. నాకు ఆరుగురు పిల్లలు, ఇంకొకరైతే ఏం తేడా అన్నాడు వాడు. సన్యాసి ఇచ్చేశాడు.

లైట్లు వెలిగాక వాచ్‌మన్ అన్న మాట: “ఆరుమంది బిడ్లుండేవోడు కత్తి తీసేవుంటాడు సామీ. తీసినా సరే, నేనైతే బిడ్డనిస్తా.”

ఆ మాట పట్టుకుని నాలుగుకాళ్ల మండపం దాకా నడిచాం. టీలు తాగుతూ పొద్దుపోయేదాకా కొట్లాడాం. దొంగ అని తెలిశాక ఎట్లా ఇస్తావని నా పక్షం. పోలికకు ఒకటి చెప్తాను: మద్రాసులో ఎస్. బాలచందర్ ‘రషోమన్’ ప్రేరణతోనే పాటల్లేకుండా 1954లో ఏవీఎంకు ‘అంద నాళ్’ తీశాడు. చిత్తూరు వైపు వాళ్లం కాబట్టి మాకు అరవం కొత్త కాదు. మంచి సినిమా, కాదనను. కానీ అక్కడ కాల్చింది భార్య అని చివరికి తేలిపోతుంది, మనం ఇంటికెళ్లి పడుకోవచ్చు. ‘రషోమన్’ పడుకోనివ్వలేదు. 1951లో వెనిస్‌లో దానికి పెద్ద బహుమతి ఇచ్చినవాళ్లు కూడా ఆ రాత్రి మాలాగే కొట్లాడుకుని ఉంటారు.

ఇప్పుడేమో ఎవడో ఒకడు బాణం గుర్తులు పెట్టి, వాన ఆగడం అంటే ఆశ, బిడ్డ అంటే భవిష్యత్తు అని అప్పజెప్తున్నాడు. ఉండొచ్చు. ఆ ముక్క మనకై మనకు తట్టేదాకా ఎందుకు ఆగలేకపోతున్నారు? నాకు పెళ్లై, మా పెద్దదాన్ని ఒక రాత్రి ఆసుపత్రిలో ముక్కూ మొహం తెలియని ఆయమ్మ చేతికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు గానీ వాచ్‌మన్ మాట నాకెక్కలేదు. ఆ చేతులు ఎట్లాంటివో నాకేం తెలుసు? ఇచ్చాను. ఆ క్షణంలో నా మోచేతులు వెనక్కి లాగడం నాకే తెలిసింది.

మనవణ్ని ఫోన్ పక్కన పెట్టమన్నాను. మూడు నిమిషాలు వెనక్కి తిప్పించి, మాటలు చదవొద్దు, ఆ సన్యాసి చేతులు మాత్రం చూడరా అన్నాను.