ఆకాశం చూడ్డానికి అడ్వాన్స్ బుకింగ్

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఆనందంగా ఉండటం ఎలాగో నేర్పే సందేశాలు ఫోన్ల మీద వాలడం మొదలవుతుంది. ‘ఈ వారాంతానికి పది చిన్న ఆనందాలు’ అంటూ. మొదటిది, బాల్కనీలో కూర్చుని నెమ్మదిగా టీ తాగండి. రెండోది, ఒక చెట్టును ఐదు నిమిషాలు తదేకంగా చూడండి. మూడోది, పాత స్నేహితుడికి ఉత్తరం రాయండి. ఇలా సాగి సాగి పదోది: ఫోన్ పక్కన పడేయండి. అదే మొదట చెప్పి ఉంటే మిగతా తొమ్మిదీ చదివే బాధ తప్పేది కదా అని మనం అనుకునే లోపు, కింద గుండె బొమ్మ నొక్కమనీ, నలుగురికీ పంపమనీ, మరిన్ని చిన్న ఆనందాల కోసం ఫాలో అవమనీ ఉంటుంది.

ఒక కప్పు చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు ముందు పెట్టుకుని ఇరానీ హోటల్లో పూటంతా గడిపేసే మనుషులు హైదరాబాద్‌లో తరాలుగా ఉన్నారు. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న సేఠ్ గుర్రుగా చూసేవాడే తప్ప, మీరు చేస్తున్నది మైండ్‌ఫుల్‌నెస్ అని వాళ్ళ భుజం తట్టలేదు. తట్టి ఉంటే బిల్లులో వేసేవాడు.

ఇప్పుడు బిల్లులో వేసేవాళ్ళు దొరికారు. చేవెళ్ళ, శంకర్‌పల్లి, వికారాబాద్ రోడ్ల మీద ఫామ్‌స్టేల బోర్డులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. వాటిలో కొన్ని అమ్మేది గదీ, భోజనమూ, ఈతకొలనూ కాదు. ‘డిజిటల్ డీటాక్స్ వారాంతం’. శనివారం పొద్దున వెళ్ళి ఆదివారం మధ్యాహ్నం వచ్చేయడానికి మనిషికి ఆరేడు వేలు. ఏమిస్తారయ్యా అంటే, మీ ఫోను లాక్కుంటారు. ఇదే పని నడిరోడ్డు మీద ఎవడైనా చేస్తే పోలీసు కేసు అవుతుంది.

ఆ తతంగం దగ్గరుండి చూడాలి. బుకింగ్ ఆన్‌లైన్‌లో, అడ్వాన్సు యూపీఐలో, దారి గూగుల్ మ్యాప్‌లో. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పేరు, వయసు, ఆధార్ నంబరు, రోజుకి ఎన్ని గంటలు ఫోన్ చూస్తారు లాంటివన్నీ నింపాలి. ఓటీపీ వచ్చాక స్వాగతం. అప్పుడు ఫోన్‌ని గోనెగుడ్డ సంచిలో వేయించుకుని, లాకర్లో పెట్టి, గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చినట్టు ఒక నంబరు బిళ్ళ చేతిలో పెడతారు. మీరు ఫోన్ సంచిలో వేస్తుండగా మేనేజరు తన ఫోన్‌తో ఫొటో తీస్తాడు, వాళ్ళ ఇన్‌స్టా పేజీ కోసం. ముఖంలో విముక్తి సరిగ్గా కనబడకపోతే, ‘ఇంకొక్కసారి వెయ్యండి మేడమ్, కొంచెం నవ్వుతూ’ అంటాడు.

అసలు కష్టం మధ్యాహ్నం మొదలవుతుంది. ఎండకి నాలుక పిడచకట్టి నిమ్మకాయ సోడా తాగాలనిపిస్తుంది. సోడా ప్యాకేజీలో లేదు. డబ్బులిద్దామంటే కౌంటర్లో చిల్లర లేదు, ‘ఫోన్‌పే చెయ్యండి సార్’ అంటాడు కుర్రాడు. ఫోన్ లాకర్లో ఉంది. లాకర్ తాళాలు మేనేజరు దగ్గరున్నాయి. మేనేజరు రీల్ తీస్తున్నాడు. చివరికి ఎలాగో తీయించి డబ్బు పంపుదామనుకునే లోపు ఆఫీసు గ్రూపులో పోగుపడ్డ మెసేజీలన్నీ తెర మీదకి దూకుతాయి. టీమ్ లీడు అడిగిన ఫైలేదో వెతికి పంపి, ‘ష్యూర్ సార్’ అని కొట్టి తలెత్తేసరికి సోడాలో గ్యాసు పోయి ఉంటుంది.

నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన రోజు పట్టిక ఇంకో ముచ్చట. 5:45 సూర్యోదయ అనుభవం. 6:30 పచ్చికపై వట్టి పాదాల నడక. 7:30 మౌన అల్పాహారం. 9:00 మట్టితో మాటామంతీ, అంటే కుండలు చేయడం. 11:00 గోవుతో ఆత్మీయత. ఆఫీసులో మీటింగుకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళినా ట్రాఫిక్ మీద నెట్టేయొచ్చు. ఇక్కడ సూర్యుడు ఎవరి కోసమూ ఆగడు. (గోవు సంగతి వచ్చింది గనక చెబుతున్నా. 2023 ఫిబ్రవరి 14న అందరూ ఆవుని కౌగిలించుకోవాలని జంతు సంక్షేమ బోర్డు పిలుపునిచ్చి, నాలుగు రోజులు తిరిగేసరికి వెనక్కి తీసుకుంది. అప్పుడు బోర్డు ఉచితంగా చెబితే దేశమంతా నవ్వింది. ఇప్పుడు డబ్బు కట్టించుకుంటున్నారు కాబట్టి ఎవరూ నవ్వడం లేదు.)

వికారాబాద్ గాలికి పాత చరిత్రే ఉంది. మూసీ పుట్టేది అక్కడి అనంతగిరి కొండల్లోనే. నిజాం జమానాలో క్షయ రోగుల కోసం ఆ కొండ మీద ఆసుపత్రి కట్టారు. మందులు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో గాలే వైద్యం. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు వెళ్ళిన దారినే ఇప్పుడు బొటనవేళ్ళు పాడైనవాళ్ళు వెళుతున్నారు. అప్పటి రోగి ఎప్పుడు ఇంటికి పంపిస్తారో తెలీక ఎదురుచూసేవాడు, ఇప్పటివాడికి మాత్రం చెకవుట్ టైము గేటు దగ్గరే చెప్పేస్తారు.

సాయంత్రం ‘మన సంప్రదాయ ఆటలు’ అనే కార్యక్రమం. పాలిష్ పట్టిన చెక్క మీద అష్టాచెమ్మా గళ్ళు, వెల్వెట్ సంచిలో గవ్వలు, పావులుగా నగిషీ బిళ్ళలు. ఫెసిలిటేటర్ అనే అమ్మాయి ఇంగ్లీషులో నియమాలు చెబుతుంది. అసలు ఈ ఆటకి కావాల్సిందేమిటి? గచ్చు మీద సుద్దతో గీసిన గళ్ళు. నాలుగు చింతపిక్కలు, అవి కూడా రాతి మీద ఒక పక్క తెల్లగా అయ్యేదాకా అరగదీసినవి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. పావులకి గాజుముక్కలో, కందిపప్పు బద్దలో, మొన్న తెగిన చొక్కా గుండీలో. వీటన్నిటికంటే ముఖ్యంగా కావాల్సింది తొండి చేసే అమ్మమ్మ. పిక్కలు వేసేటప్పుడు చీరకొంగు అడ్డం పెట్టి, పడింది మూడైతే చెమ్మా అని అరిచి, మన కాయ చచ్చేదాకా నిద్రపోని మనిషి.

ఫామ్‌స్టేలో ఆ అమ్మాయి ఏమంటుందో తెలుసా? ‘మనం ఇక్కడ చంపుకోవడం వద్దండీ. ఒకరి ప్రయాణాన్ని ఒకరు గౌరవిద్దాం.’ ఎదుటివాడి కాయని ఒక్కటైనా చంపితే గానీ లోపలి గళ్ళలోకి పోనివ్వని ఆట ఇది. గౌరవించుకుంటూ కూర్చుంటే బయటి గళ్ళలోనే ప్రదక్షిణలు చేస్తూ ఉండాలి. చేస్తూనే ఉన్నారు పాపం, డిన్నర్ గంట కొట్టేదాకా.

ఆ డిన్నర్ వడ్డించే కుర్రాడిని ఎవరూ పట్టించుకోరు. పక్క ఊరివాడు, ఇంటర్ తప్పాడు. శని, ఆదివారాలు వాడికి డ్యూటీ ఎక్కువ. అతిథులంతా ఆకాశం కింద చాపలేసుకుని నక్షత్రాలు చూస్తూ నిట్టూరుస్తుంటే, వంటింటి వెనక గోడకి ఆనుకుని వాడు రీల్స్ చూసుకుంటూ ఉంటాడు. నక్షత్రాలు వాడు రోజూ చూస్తాడు. ఆదివారం సెలవు అనేదాన్నే చాలాకాలంగా చూడలేదు.

ఈ వ్యాపారం మీద నాకున్న కోపం ఆరేడు వేల గురించి కాదు. వెళ్ళినవాళ్ళు కాస్త సుఖంగా నిద్రపోతారు, సంతోషమే. కోపమల్లా, జబ్బు ఎక్కడుందో తప్పు చెబుతున్నందుకు. చిన్న ఆనందాలు పోయాయంటే తప్పంతా మన బొటనవేలిదే అన్నట్టు మాట్లాడతారు. మనకి నిగ్రహం లేదట, ఫోన్ దించలేమట. ఆదివారాన్ని మన చేతుల్లోంచి ఎవరు లాక్కున్నారన్న ప్రశ్న మాత్రం ఎంత వెతికినా ఏ ‘పది చిన్న ఆనందాల’ జాబితాలోనూ కనబడదు.

ఆ సెలవు మనకి ఊరికే రాలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో వారమంతా పనిచేసే కూలీల తరఫున నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో ఆదివారం సెలవు కావాలని అడగడం మొదలుపెట్టాడు. మిల్లు యజమానులు ఒప్పుకున్నది 1890 జూన్ 10న. ఆరేళ్ళు పట్టింది. ఆ కూలీలకి చెట్టును ఐదు నిమిషాలు చూడండి అని ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే, ముందు గేటు తెరవమనండి, చెట్టు సంగతి మేం చూసుకుంటాం అని ఉండేవాళ్ళు.

ఇప్పుడు ఆ గేటు మళ్ళీ మూస్తున్నారు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటలకి పోయారు. ఆదివారాలు కూడా మీతో పనిచేయించలేకపోతున్నందుకు బాధగా ఉందన్నారు, ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారని కూడా అడిగారు. పనివేళలు అయ్యాక ఆఫీసు ఫోన్‌కి జవాబివ్వకుండా ఉండే హక్కు కావాలని ఎంపీ సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టారు. మన పార్లమెంటులో 1970 తర్వాత ప్రైవేటు సభ్యుల బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు. ఇదీ కాలేదు. ఫ్రాన్సులో 2017 నుంచే ఇలాంటి చట్టం ఉంది. మనకి గోనెగుడ్డ సంచి ఉంది.

ఫోన్‌నీ, అందులో తిప్పే పేజీలనీ తయారుచేసినవాళ్ళ సంగతి ఇంకా సొగసుగా ఉంటుంది. వేలితో తోస్తున్నకొద్దీ అంతులేకుండా వచ్చే పేజీని 2006లో కనిపెట్టిన అజా రాస్కిన్, తర్వాత దానికి పశ్చాత్తాపపడుతున్నానని బాహాటంగానే చెప్పాడు. 2018లో ఆపిల్, గూగుల్ రెండూ మనం ఫోన్‌తో ఎంతసేపు గడిపామో లెక్క చెప్పే ఏర్పాటు ఫోన్లలోనే పెట్టాయి. ఆ లెక్క చూసుకోవడానికి రోజుకి నాలుగుసార్లు ఫోన్ తీసేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అని ఒక ఊరుంది. కరోనా కాలపు ఆన్‌లైన్ క్లాసుల తర్వాత పిల్లలు ఫోన్లు వదలడం లేదని 2022లో ఊరంతా కూర్చుని ఒక నిర్ణయం చేశారు. సాయంత్రం 7 గంటలకి గుడి మీద సైరన్ మోగితే టీవీలూ ఫోన్లూ ఆపేయాలి. 8:30కి మళ్ళీ మోగితే పెట్టుకోవచ్చు. అంతే. ప్యాకేజీ లేదు, ఫెసిలిటేటర్ లేదు. ఒక్కడే ఆపితే వాడికి ఊరి కబుర్లన్నీ తప్పిపోతాయి. అందరూ ఆపితే తప్పిపోవడానికి ఏమీ మిగలదు. లోఖండే కూడా కూలీలందరికీ కలిపే అడిగాడు, ఒక్కొక్కరికీ వేర్వేరు చిట్కాలు చెప్పలేదు. ఆ సైరన్ మన గచ్చిబౌలిలో పెట్టాలంటే గుడి మీద కాదు, ఆఫీసు టవరు మీద పెట్టాలి. మోగితే ఆపాల్సింది సర్వర్లు.

అంతవరకూ డబ్బు పెట్టకుండా దొరికేవి ఏమైనా ఉన్నాయా అంటే, ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి. ఆ దించిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. ఇంజనీరింగ్ గైడ్ల కింద పాత వారపత్రికల బౌండు దొరుకుతుంది. ఎవరో ఎవరికో పెళ్ళికి ఇచ్చిన పుస్తకం, మొదటి పేజీలో ‘శుభాకాంక్షలతో’ అని పచ్చసిరా సంతకంతో సహా, అమ్మకానికి ఉంటుంది. ఆ పెళ్ళి ఏమైందో అని ఆలోచిస్తూ నిలబడితే, ‘తీస్కుంటే తీస్కోండి సార్, వెనక జనం ఉన్నరు’ అని వినబడుతుంది. ఎవరూ మీ ప్రయాణాన్ని గౌరవించరు. బేరం మాత్రం ఆడనిస్తారు.

ఇంకోటి, మీరు డబ్బు ముందే కట్టేసింది. ఇంటిపన్ను కట్టే ప్రతివాళ్ళూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. వసూలైన ఆ సొమ్మును మునిసిపాలిటీలు గ్రంథాలయాలకి సరిగ్గా ఇవ్వవన్న ఫిర్యాదు పాతదే, అది వేరే వ్యాసం. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది. మీ పేటలో శాఖా గ్రంథాలయం కూడా ఉండే ఉంటుంది, బస్టాండు వెనకో, పశువుల ఆసుపత్రి పక్కనో. చాలాచోట్ల వాటికి వారపు సెలవు శుక్రవారం, కాబట్టి ఆదివారం తెరిచే ఉంటాయి. లోపల మౌనం ఉచితం. పట్టికలో అల్పాహారంతో కలిపి రాయనక్కర్లేదు. ఫోన్ ఎవరూ లాక్కోరు, మోగితే మాత్రం లైబ్రేరియన్ కళ్ళజోడు పైనుంచి చూస్తారు, అది చాలు.

వెళ్ళదలిస్తే పెందలాడే వెళ్ళండి. ఫ్యాను కింద కుర్చీలన్నీ గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు తలుపు తీయకముందే వచ్చి పట్టేసి ఉంటారు. వాళ్ళకీ ఆదివారం లేదు.