మహా మొహమాటస్థులు

పెళ్లి పంక్తిలో కూర్చున్న చుట్టం 'చాలు చాలు' అంటూ విస్తరికి చేయి అడ్డం పెడతాడు. చూపు మాత్రం బూరెల పళ్లెం మీదే. అదో ముచ్చట, పోనిద్దాం. ఈ జబ్బు శాసనసభకు పాకితేనే తంటా.

గెలిచిన గుర్తు ఒకటి, మెడలో కండువా ఇంకొకటి. 'పార్టీ మారారా?' అంటే ఎమ్మెల్యేగారికి ఎక్కడలేని బిడియం ముంచుకొస్తుంది. 'అబ్బే, నియోజకవర్గ అభివృద్ధి కోసం కలిశానండీ' అని నసుగుతారు. ఆయనే అంత సిగ్గుపడుతుంటే స్పీకర్‌గారు గుచ్చి గుచ్చి ఎలా అడుగుతారు? మర్యాద కాదు!

2014లో ఆంధ్రప్రదేశ్‌లో వైకాపా గుర్తు మీద నెగ్గినవారిలో 23 మంది తెదేపా గూటికి చేరారు. వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. ప్రమాణం చేయడానికి మొహమాటం అడ్డు రాలేదు లెండి. అనర్హత ఫిర్యాదులే సభ గడువు తీరేదాకా తేలలేదు. తెలంగాణలో కారు దిగి 'చేయి' అందుకున్నారన్న పదిమంది సంగతి తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టే మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది.

1985 నాటి ఫిరాయింపుల చట్టమూ మొహమాటస్థురాలే. ఫిర్యాదును ఎన్నాళ్లలో తేల్చాలో పదో షెడ్యూలు నోరు విప్పి చెప్పలేదు.

ఓటరుకు మాత్రం ఈ బిడియాలేవీ పనికిరావట. పోలింగ్ నాడు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడాలి.