ఏసీ ఉన్నది ఆగడానికే

కారులో ఏసీ అవసరమా, విలాసమా అని వాదించేవాళ్లని మే నెల మిట్టమధ్యాహ్నం బడాబజార్ మీదుగా హౌరా స్టేషన్‌కి పంపాలి. రైలు అందకపోయినా జవాబు అందుతుంది.

కారు కదులుతున్నంతసేపూ కిటికీ దించుకుంటే చాలు, గాలి దానంతటదే వస్తుంది. చిక్కంతా ఆగినప్పుడే. కలకత్తాలో కారు చేసే ముఖ్యమైన పని ఆగడం. కనుక ప్రయాణం సాగనప్పుడు పనికొచ్చేదే ఏసీ అని నా సిద్ధాంతం.

మా మామగారు దీన్ని ఒప్పుకోలేదు. ఆయనది రెంటచింతల. వేసవి వార్తల్లో తమ ఊరి పేరు రాకపోతే ఆ పూట అన్నం సహించదు. "46 డిగ్రీల్లో మిరపకాయలు ఎండబెట్టినవాళ్లం అల్లుడూ! 36కి ఏసీ ఏంటి, నామోషీ" అంటూ హౌరాలో దిగగానే పట్టుబట్టి పసుపు అంబాసిడర్ ఎక్కించారు.

అంబాసిడర్ అంటే మాటలా! ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మన తోబుట్టువు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో 2014 దాకా తయారైంది. చలిదేశం వాళ్లు గీసిన బండి కాబట్టి గాలి సంగతి పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ముందు తలుపులకి ముక్కోణపు అద్దం ఉంటుంది. తిప్పితే గాలి డ్రైవరు మెడ మీదికి పోతుంది. వెనక కూర్చున్నవాళ్లకి ఆ గాలి కబురే తప్ప గాలి రాదు.

హుగ్లీ మీది వంతెన మీద బండి ఆగింది. పల్నాటి ఎండలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. ఇక్కడి గాలి అప్పటికే గొంతుదాకా నీళ్లు తాగి ఉంటుంది, మన చెమటని పుచ్చుకోదు. మామగారు కండువా పిండి, "ఇది ఎండ కాదయ్యా, మనల్ని కుడుముల్లా ఉడకేస్తున్నారు" అన్నారు.

కిటికీకీ ఒక లాభం లేకపోలేదు. 2011 నుంచి ఇక్కడి సిగ్నళ్ల దగ్గర రవీంద్ర సంగీతం వినిపిస్తున్నారు. అద్దాలెత్తుకున్న ఏసీ కార్లవాళ్లకి ఠాగూరు దక్కడు. మాకు దక్కాడు, పక్క బస్సు పొగతో సహా.

వానాకాలంలో మాత్రం వాదనకి చోటు లేదు. అద్దం లోపల ఆవిరి పట్టి ముందు బండి కనపడదు. ఏసీ గాలిలో తేమని లాగేసి అద్దాన్ని తేటపరుస్తుంది. అంబాసిడర్లో ఆ ఉద్యోగం డ్రైవరు గుడ్డముక్కది. ఆ మాటకొస్తే, 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి చేశారు. రోజంతా ఇంజను పక్కన కూర్చునేవాడికి అది అవసరమని ఇన్నేళ్లకి తోచింది. ఇంటి నుంచి ఆఫీసుకి పోయే మనకి ఎప్పుడో తోచింది!

తిరుగు ప్రయాణానికి మామగారే ఏసీ క్యాబ్ బుక్ చేయించారు. అది అద్దాలు దించుకునే వచ్చింది. "దాదా, ఏసీ" అన్నాను. "డీజిల్ ధర చూశారా?" అన్నాడు హిందీలో. తప్పు పట్టలేం. కంప్రెసర్ తిరిగేది ఇంజను బలంతో, కాలేది అతని చమురు. 2024 వేసవిలో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు "నో ఏసీ" అని ఉద్యమమే చేశారు. చివరికి మా డ్రైవరుతో ఏసీకి అదనంగా యాభై రూపాయలకి బేరం తెగింది.

చల్లగాలి మొదలైందో లేదో, మామగారు కండువా మెడకి చుట్టుకుని, "కాస్త తగ్గించమనవయ్యా, గొంతు పట్టేస్తుంది" అన్నారు.

డ్రైవరుకి తెలుగు రాదు. అద్దంలో కండువా చూశాడు. "తగ్గించినా యాభయ్యే" అన్నాడు.