లైఫ్‌టైమ్ ఆయిల్ సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోకూడదు."

అవతారిక. ఈ సూత్రం విశాఖపట్నంలో ఒకానొక సర్వీసు సెంటరులో, ఏసీ గదిలో, చేతిలో ట్యాబు, మెడలో కార్డు ధరించిన ఒక యువకుడి నోట వెలువడింది. సెంటరు పేరు చెప్పం. పూర్వ వ్యాఖ్యాతలు ఎదుటి పక్షాన్ని 'కొందరు' అని మాత్రమే అని ఊరుకునేవారు. ఆ మర్యాద మనకూ చాలు. పైగా కోర్టు ఖర్చులుండవు. సూత్రానికి లక్ష్యం వడ్డాదిలో మా బావమరిది కొన్న పాత ఆటోమేటిక్ కారు. వైజాగులో ఇద్దరి చేతులు మారి అతని దగ్గరికి చేరింది. లివరు 'డి'లోకి లాగితే బండి కాసేపు ఆలోచించుకుని, ఆనక ఒక్క జర్కు కొట్టి కదులుతుంది. పై గేరు పడాల్సిన చోట ఇంజను అరుస్తుంది, వేగం మాత్రం పెరగదు.

ప్రతిపదార్థం వదిలేస్తున్నాం. చెప్పినవాడికీ విన్నవాడికీ అర్థాలు తెలుసు. మన మెదక్ సీమ కొలిచాలం వాడైన మల్లినాథ సూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలకు దిగాడు. మేము ఆ ఒట్టులో మొదటి సగానికే కట్టుబడి ఉన్నాం.

సంశయం. ఎవరి లైఫ్? నూనెదా, గేర్‌బాక్సుదా, కారుదా, కొన్న మనిషిదా? బాక్సుది అనే అనుకుందాం. బాక్సు పోయేదాకా నూనె ఉంటుంది. నూనె చెడింది కాబట్టి బాక్సు పోయింది. కాబట్టి నూనె బాక్సు జీవితకాలమంతా ఉన్నట్టే. ఎక్కడా అబద్ధం లేదు. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. సర్వీసు సెంటరు వారు పాలసీ అంటారు.

మామూలు గేర్ల బండిలో నూనె పని పళ్లు అరగకుండా చూడటమే. ఆటోమేటిక్‌లో అలా కాదు. అక్కడ బండిని లాగేదే నూనె. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను తిప్పిన రెక్కలు నూనెను విసిరితే, ఆ నూనె ఎదుటి రెక్కలను తిప్పుతుంది. వాల్వ్ బాడీ సందుల గుండా వెళ్లి క్లచ్ ప్లేట్లను అదిమి పట్టేదీ ఆ నూనె ఒత్తిడే, లోపలి వేడిని మోసుకొచ్చి కూలర్‌లో దింపేదీ అదే. ఇంత చాకిరీ చేసేదానికి ముసలితనం రాదని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! ఎనభై, తొంభై డిగ్రీల దగ్గర అది హాయిగానే ఉంటుంది. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఈ రంగంలో వాళ్ల మోటు లెక్క. ప్లేట్ల పొడి అందులో కలుస్తుంది, జిడ్డు వాల్వులకు పట్టుకుంటుంది, గేరు పడటం ఆలస్యమవుతుంది.

వడ్డాది జంక్షన్ మెకానిక్కు ట్యాబు లేదు. డిప్‌స్టిక్ లాగి, చివరి బొట్టును తెల్ల కాగితం మీద పెట్టాడు. కొత్త నూనె అయితే పలచటి ఎర్ర మరక అంచులదాకా పాకుతుంది. ఇది పాకలేదు. మధ్యలో కాఫీ డికాషన్ రంగు ముద్ద, చుట్టూ సన్నగా పసుపు. వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టాడు. మాడిన వాసన. "ఇది నూనేటి బావూ, మసి" అన్నాడు. నాకు తెలిసి ఈ సూత్రం మీద వచ్చిన వ్యాఖ్యల్లో ఇదే సంగ్రహమైనది.

ఎరుపు గురించి ఒక మాట. ఆ రంగుకు గుణం లేదు, కారితే ఇంజనాయిలు కాదని తెలియడానికి కలిపిన అద్దకం. గుణం ఉన్నది మరొకటి కలిపేవారు. తిమింగిలం నూనె.

ఇక్కడ కొంత విస్తరించక తప్పదు. రఘువంశం పదమూడో సర్గలో రాముడు పుష్పకం మీంచి సీతకు సముద్రాన్ని చూపిస్తూ, తల మీది రంధ్రంలోంచి నీళ్లు చిమ్మే తిములను చూపిస్తాడు. తలలో రంధ్రం ఉందని కాళిదాసుకు తెలుసు. ఆ తలలోనే, స్పెర్మ్ తిమింగిలం అనే జాతిలో, పీపాల కొద్దీ తైలం ఉంటుందన్న సంగతి ఆయన శ్లోకంలోకి రాలేదు. అది మామూలు కొవ్వు కాదు, ద్రవరూపంలో ఉన్న మైనం. వేడికీ ఒత్తిడికీ తట్టుకుంటుంది, క్లచ్ ప్లేట్లు కీచుమనకుండా మెత్తగా పట్టుకునేలా చేస్తుంది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రా-మాటిక్ వచ్చాక అమెరికా గేర్లు వేయడం మానుకుంది. ఆ దేశపు గేర్‌బాక్సు నూనెల్లో దశాబ్దాల పాటు ఈ తైలం కలిసింది. తిమిని మింగేది తిమింగిలం, దాన్నీ మింగేది తిమింగిలగిలం అని మన పెద్దలు ఒక వరస పెట్టారు. ఆ వరసలో ఆఖరిది డెట్రాయిట్ అని వారు ఊహించలేదు. 1970లో అమెరికా ఆ జాతిని అంతరించిపోయే వాటి జాబితాలో చేర్చింది, 1972లో సముద్ర క్షీరదాల రక్షణకు చట్టమూ తెచ్చింది. నూనె కంపెనీల రసాయన శాస్త్రజ్ఞులు బదులు వెతుక్కున్నారు. తొలి బదులు కొన్ని కూలర్లలో టంకాన్ని తినేస్తే మళ్లీ మార్చారు. హొహోబా గింజల నూనె కూడా ఇలాంటి మైనమేనని తెలిసి, ఆ ఎడారి పొదకు గిరాకీ వచ్చింది. మన రాజస్థాన్‌లో కూడా వేశారు.

చేపల ప్రస్తావన వచ్చింది కాబట్టి, వడ్డాదిని ఒకప్పుడు ఏలినవారు మత్స్యవంశీయులని చెప్పకపోతే దోషం. పక్కనే దిబ్బిడి పేరుతో ప్రసిద్ధమైన 1269 నాటి తామ్రశాసనం వారిదే. చేపగా మారిన అప్సరసకు తమ మూలపురుషుడు పుట్టాడని వారు రాయించుకున్నారు. ఇక పుష్పకం సంగతి. మనసులో అనుకుంటే కదిలేది, కాబట్టి అసలైన ఆటోమేటిక్ అదే. బ్రహ్మ కోసం విశ్వకర్మ చేశాడు. బ్రహ్మ కుబేరుడికిచ్చాడు, రావణుడు లాక్కున్నాడు, రాముడు వాడుకుని కుబేరుడికే తిప్పి పంపాడు. ఇన్ని చేతులు మారిన బండికి కూడా నూనె మార్చనక్కర్లేదని ఏ పురాణమూ బల్లగుద్ది చెప్పలేదు.

ప్రకృతం. ఈ నూనెకు జనరల్ మోటార్స్ 1949లో టైప్ ఏ అని ప్రమాణం పెట్టింది. తర్వాత డెక్స్‌రాన్, అందులో రెండు, మూడు, 2005లో ఆరు. జీవితకాలం నూనెకు ఇన్ని జన్మలెందుకో!

శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతే ప్రమాణమన్నది మీమాంసకుల మాట. జర్మనీలో జడ్‌ఎఫ్ అనే సంస్థ ఉంది. సొంతంగా కార్లు అమ్మదు, ఎందరికో గేర్‌బాక్సులు చేసిస్తుంది. 2001లో ఆరు గేర్ల ఆటోమేటిక్ బాక్సుతో బీఎండబ్ల్యూ సెవెన్ సిరీస్ వచ్చింది, అది వీళ్లదే. బాక్సు చేసిన ఆ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, ఏది ముందైతే అప్పుడు నూనె మార్చమంటుంది. అదే బాక్సు కొని బిగించుకున్న కార్ల వాళ్లలో కొందరు మార్చనక్కర్లేదంటారు. చేసినవాడి మాట శ్రుతి, అమ్మినవాడి మాట స్మృతి.

సరే, స్మృతినే పట్టుకుందాం. బండితో ఇచ్చిన పుస్తకం వెనక పేజీల్లో, సన్న అక్షరాల్లో అపవాదం ఒకటి ఉంటుంది. దుమ్ము, ఎండ, ఘాట్ రోడ్డు, ఆగి ఆగి నడపడం, దగ్గర దూరాలు ఉంటే నూనెను ముందే చూసి మార్చుకోవాలని. ఉత్సర్గం అంటే సామాన్య నియమం, దానికి మినహాయింపు అపవాదం. ఇప్పుడు చోడవరం నుంచి వడ్డాది దాకా బీఎన్ రోడ్డు మీద రండి. గోతులు తప్పించుకుంటూ రెండో గేరు దాటకుండా వస్తారు. చెరకు కోతల రోజుల్లో చెరకు ట్రాక్టరు వెనక పడితే కన్వర్టర్ నూనెను చిలుకుతూ వేడెక్కుతూనే ఉంటుంది. మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కితే ఇంకా చెప్పక్కర్లేదు. మా ఊళ్లో అపవాదమే నియమం. ఉత్సర్గం బహుశా స్విట్జర్లాండ్‌లో ఉంటుంది.

ఒక పూర్వపక్షం మాత్రం బలమైనది, దాన్ని నవ్వి తోసేయలేం. పాత బాక్సులో నూనె మారిస్తే ఉన్నదీ పోతుందని మెకానిక్కులే అంటారు, కొన్నిసార్లు పోతుంది కూడా. అరిగిన ప్లేట్ల పొడి పాత నూనెలో ఉండి ఎంతోకొంత పట్టు ఇస్తోంది, కొత్త నూనె వచ్చి ఆ పట్టు తీసేసింది. కానీ ఆ ప్లేట్లను అరగదీసిందెవరు? ముట్టుకోవద్దన్న ఏళ్లు. అందుకే మిషను పెట్టి ఒత్తిడితో కడిగించడం కంటే, డ్రెయిన్ బోల్టు విప్పి వచ్చినంత తీసి అంతే పోయడం మేలు. సగం లోపే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ తీయాలి, మళ్లీ పోయాలి. పాన్ విప్పితే అయస్కాంతం తుడవాలి. దానికి పట్టింది బూడిదలాంటి పొడి అయితే సరే, రేకు ముక్కలైతే నూనె వృథా. పుస్తకంలో రాసిన నూనే పోయాలి. బెల్టుతో నడిచే సీవీటీలో మామూలు ఎర్ర నూనె పోస్తే బెల్టు జారిపోతుంది. లెవెల్ చూడటం బండిని బట్టి, కొన్నిటికి ఇంజను నడుస్తుండగా, కొన్నిటికి ఆపిన నిమిషం లోపల.

అసలు నా కోపం ఇక్కడ. కొత్త బండ్లలో ఆ డిప్‌స్టిక్కే తీసేశారు. తెల్ల కాగితం మీద బొట్టు పెట్టి చూసే హక్కు మనిషికి లేకుండా చేసి, దానికి సీల్డ్ అని పేరు పెట్టారు. మొదట కొన్నవాడికి వారంటీ ఉంటుంది, వారంటీ తీరేలోగా బాక్సు పోదు, పోయేలోగా అతను బండి అమ్మేస్తాడు. వడ్డాదిలో కొనుక్కునేవాడి దగ్గరికొచ్చేసరికి లైఫ్ అయిపోతుంది. కొత్త బాక్సుకు చెప్పిన ధర మా వాడు బండికి పెట్టిన దానికంటే ఎక్కువ.

చివరికి ఆ యువకుణ్ణే అడిగాను. నూనె మార్చనక్కర్లేదన్న మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టమన్నాను. మర్యాదగానే ట్యాబు అటూ ఇటూ జరిపాడు.

"సిస్టంలో ఆ కాలమ్ లేదు సార్" అన్నాడు.