నేను పంపిన వీడియో

2021 ఆగస్టు చివర్లో ఒక వీడియో నా ఫోన్లోకి వచ్చింది. తమిళనాడులోని విళుప్పురం జిల్లాలో కాపురం చేసిన ఒక తల్లి, పసిబిడ్డను కొడుతూ తానే తీసుకున్న వీడియో అది. ఆమె పుట్టిల్లు మా చిత్తూరు జిల్లా. బిడ్డ నోట్లో నెత్తురు చూడలేక మధ్యలోనే ఆపేశాను. ఆపేసి, బంధువుల గ్రూపుకు పంపాను. "ఇది తల్లేనా? అందరికీ పంపండి" అని కింద రాశాను. ఆ బిడ్డకు మేలు చేశాననే నమ్మాను.

తమిళనాడు పోలీసులు వచ్చి ఆమెను అరెస్టు చేశారు. అందులో నేను చేసిన సాయం ఏమీ లేదు. నేను చేసిందల్లా ఆ పసివాడి ముఖాన్ని మరికొన్ని ఫోన్లలోకి చేర్చడం. వాడు పెద్దవాడయ్యాక కూడా అది ఎవరి దగ్గరో ఉంటుంది. బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. దాన్ని మీరితే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అది నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

దీనికంటే సిగ్గుపడాల్సింది వేరే ఉంది. కరోనా వల్ల 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోయింది. యాత్రికుల మీద బతికే తిరుపతి ఒక్కసారిగా చేతులు ముడుచుకుంది. మా పక్క వాటాలో ఉండే ఆయన కొండకు జీపు తోలేవాడు. రాత్రిపూట గోడకవతల నుంచి "కొట్టొద్దు నాయనా" అని పాప ఏడుపు వినిపించేది. "పోయి అడగండి" అని మా ఆవిడ అంటే, "వాళ్లింటి సంగతి మనకెందుకు? బాడుగల్లేక ఇసుగులో ఉండాడు, బిడ్డను బయంలో పెట్టుకుంటా ఉండాడు" అన్నాను. టీవీ సౌండు పెంచాను. బాడుగలు పోయిన డ్రైవర్లు మా వీధిలో ఇంకొందరు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఏ బిడ్డా అట్లా ఏడవలేదు. అది నాకు తెలిసీ ఆయనకు సాకు వెతికిపెట్టాను.

ఆ మార్చి 20 నుంచి 31 వరకు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి మూడు లక్షలకు పైగా ఫోన్లు వచ్చాయనీ, అందులో 92 వేలకు పైగా హింస నుంచి కాపాడమని అడిగినవేననీ అప్పట్లో దాన్ని నడిపిన చైల్డ్‌లైన్ సంస్థ చెప్పింది. ఆ వార్త పేపర్లో చదివి "అయ్యో" అనుకున్నాను. గోడ అవతలి పాప గుర్తుకు రాలేదు. బడి నడుస్తుంటే చేతిమీద వాత చూసి టీచరమ్మయినా అడిగేది. మన రాష్ట్రంలో చిన్న తరగతుల బడులు మళ్లీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. అన్నాళ్లూ ఆ పాప ఏడుపు చెవిన పడిన బయటివాళ్లం మేమే. ఆ కుటుంబం తర్వాత ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఆ పాప ఎక్కడుందో నాకు తెలియదు.

మీ పక్కింట్లో అలాంటి ఏడుపు వినిపిస్తే 1098కి ఫోన్ చేయండి. ఏ వేళలో చేసినా ఎత్తుతారు, పైసా ఖర్చవదు. బిడ్డను కొడుతున్న వీడియో ఏదైనా చేతికొస్తే పోలీసులకు అప్పగించండి, ఇంకెవరికీ పంపకండి.