ఒక క్రాంటాబ్ పంక్తికి టీకా తాత్పర్యం

మూలం:
30 2 1 * 1 /ఆప్ట్/బ్యాకప్.ఎస్‌హెచ్

అవతారిక: లినక్సు యజమాని ఒకడు, తన నిద్ర చెడకుండా ఫైళ్లకు నకలు తీయించదలచి, ఈ ఏకపంక్తిని రచించెను.

ప్రతిపదార్థం: 30 = ముప్పయ్యవ నిమిషమందు; 2 = రాత్రి రెండవ గంటయందు (పగటి రెండైనచో 14 అని వేయవలసి యుండును); 1 = నెల మొదటి తేదీన; * = ఏ మాసమైనను సరే; 1 = సోమవారమందు; /ఆప్ట్/బ్యాకప్.ఎస్‌హెచ్ = ఆ స్క్రిప్టును; నడుపుగాక. కర్త మూలంలో లేడు. నిమిషానికొకసారి లేచి ఈ పట్టిక చూసే క్రాన్ అనే సేవకుణ్ణి అధ్యాహారం చేసుకోవాలి.

టీక: అంగాలు ఐదు గనుక ఇదీ పంచాంగమే. కాకపోతే ఇందులో నక్షత్రం 'ఎప్పుడైనా పర్వాలేదు' అంటుంది, ఏ సిద్ధాంతీ ఒప్పుకోని మాట. ఆదివారానికి 0 అన్నా 7 అన్నా చెల్లుతుంది. ఈ ఐదు గడుల సంప్రదాయం 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. 1987లో పాల్ విక్సీ రాసిన పాఠం లినక్సులో ప్రసిద్ధికెక్కింది.

అన్వయ వివాదం: తేదీ, వారం రెండూ చెప్పాడు గనుక ఒకటో తేదీ సోమవారం పడితేనే పని జరుగుతుందని పూర్వపక్షం. ఇలా చదివేవారిని తప్పు పట్టలేం. నిమిషానికీ గంటకూ మధ్య ఉన్నది 'మరియు' సంబంధమే కదా! సిద్ధాంతం వేరు. తేదీ గడిలోనూ వారం గడిలోనూ నక్షత్రం కాక అంకె ఉంటే, ఆ రెంటి మధ్య 'లేదా' వచ్చి కూర్చుంటుంది. ఏడాదికి మహా అయితే మూడుసార్లు పడవలసిన నకలు అరవైసార్లకు పైగా పడుతుంది. డిస్కు నిండాక గాని కవిగారికి వ్యాకరణం బోధపడదు. పరిహారం: తేదీ గడిలో నక్షత్రం పెట్టి, ఇవాళ ఒకటో తేదీయా అన్న పరీక్షను స్క్రిప్టుకు వదిలేయాలి. ఆ పరీక్షను పంక్తిలోనే ఇరికిస్తానంటే, తేదీ అడిగే ఆజ్ఞలో వచ్చే శాతం గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ తప్పదు. లేకుంటే క్రాన్ దాన్ని పంక్తి విరుపుగా చదువుతుంది.

విశేషం: స్క్రిప్టుకు పూర్తి దారి రాయడం పునరుక్తి దోషం కాదు. టెర్మినల్ వెతికినన్ని డైరెక్టరీలు క్రాన్ వెతకదు. అక్కడ చక్కగా నడిచిన ఆజ్ఞ ఇక్కడ మొరాయించేది అందుకే. ఆ వేళకు కంప్యూటరు ఆపి ఉంటే పని పోయినట్టే, మర్నాడు తీర్చే ఆచారం క్రాన్‌కు లేదు. ల్యాప్‌టాప్ వాళ్లు అనాక్రాన్‌నో, సిస్టమ్‌డీ టైమర్‌లోని 'పర్సిస్టెంట్'నో ఆశ్రయించాలి.

తాత్పర్యం: ప్రతి సోమవారమూ, ప్రతి ఒకటో తేదీనా రాత్రి రెండున్నరకు బ్యాకప్ తీయవలెను. (కవి హృదయం ఇది కాదు. క్రాన్ కవి హృదయం చూడదు.)

పాఠకులకు మనవి: 'క్రాంటాబ్ -ఈ' అంటే దిద్దడం, '-ఆర్' అంటే మారు మాట అడగకుండా మొత్తం చెరిపేయడం. కీబోర్డు మీద ఆ రెండక్షరాలూ పక్కపక్కనే ఉన్నాయి. '-ఎల్'తో మీ మూలగ్రంథానికి ఒక ప్రతి ఇవాళే తీసి వేరే చోట దాచుకోండి.