మా జీన్స్ డామినెంటండీ!

బారసాలలో ఉయ్యాల చుట్టూ పంచాయితీ. ముక్కు మాదని నానమ్మ, కళ్లు మావని అమ్మమ్మ. ఈమధ్య ఈ తగువులోకి సైన్సు కూడా దిగింది. "మా జీన్స్ డామినెంటండీ, ఎవరితో కలిసినా మా పోలికే పైకొస్తుంది" అని పెదనాన్నగారు మీసం మెలేస్తారు. పిల్ల నల్లగా పుడితే మాత్రం ఆ ఘనత అవతలి వాళ్లకు ఉదారంగా వదిలేస్తారు. ఒంటి రంగు ఏ ఒక్క జన్యువూ తేల్చేది కాదని ఆయనకెవరు చెప్పాలి?

డామినెంట్ అంటే ఆయన దృష్టిలో జమీందారు. 1866లో మెండెల్ అచ్చువేసిన బఠాణీల లెక్క చూస్తే అంత ధీమా ఉండదు. గుండ్రటి గింజల రకాన్నీ ముడతల రకాన్నీ కలిపితే మొదటి తరమంతా గుండ్రమే. తర్వాతి తరంలో 7,324 గింజలు లెక్కపెడితే 1,850 ముడతలవి! ఓడిందనుకున్న లక్షణం ఒక తరంపాటు నోరు మూసుకుని కూర్చుందంతే. పోనీ, డామినెంటే గొప్పదనుకుందాం. మెదడును నెమ్మదిగా తినేసే హంటింగ్టన్ జబ్బూ డామినెంటే. ఒక్క కాపీ చాలు. ఓ గ్రూపు రక్తమేమో అణిగి ఉండే (రెసెసివ్) లక్షణం, అయినా బ్లడ్ బ్యాంకుల నిండా అదే. డామినెంట్ అయినంత మాత్రాన ఏ లక్షణమూ జనంలో పెరిగిపోదని గణితవేత్త హార్డీ 1908లోనే లెక్కకట్టి చూపాడు.

ఉయ్యాల దగ్గరి గొప్పలతో నష్టం లేదు. అదే నోటితో "మూడు తరాలుగా మేనరికాలే, ఎవరికేమైంది?" అన్నప్పుడే భయం. తలసీమియా అనే రక్తపు జబ్బు జన్యువు ఒక్క కాపీ మాత్రమే ఉన్న వాహకుడు రాయిలా తిరుగుతుంటాడు. మహా అయితే కాస్త రక్తం తక్కువంటారు. కానీ మేనమామకూ అక్క కూతురికీ సగటున నాలుగో వంతు, బావామరదళ్లకు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి ఆస్తి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. "మొదటి బిడ్డకు వచ్చేసిందిగా, ఇక ముగ్గురికి ఢోకా లేదు" అనే లెక్కల మేధావులూ ఉన్నారు. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

జబ్బు బయటపడ్డాక "అంతా కోడలి వైపు రక్తం" అంటారు. ఆ కోడలు సొంత చెల్లెలి కూతురన్న సంగతి అప్పుడు గుర్తుండదు.

తలసీమియా సంగతైతే పెళ్లికి ముందు ఒక్క హెచ్‌బీఏ2 పరీక్షతో చాలావరకు తేలిపోతుంది. ముప్పై ఆరు గుణాలు వేళ్లమీద సరిచూసే పెద్దలకు ఆ మాట చెబితే పౌరుషం పొడుచుకొస్తుంది: "మా రక్తానికి పరీక్షా? ముందు లగ్నపత్రిక రాయించండి!"